చిట్టెమ్మ వెనకాలే చిన్నప్ప

వరసగా మూడు రాత్రుల డ్యూటీ అయ్యాక వచ్చే మొదటి సెలవు రోజున నాకు పగలు ఎట్లా గడపాలో తెలియదు. ఒళ్ళంతా బరువుగా ఉంటుంది, నిద్ర మాత్రం రాదు. నేను నర్సుగా పనిచేసే వార్డులో మోగే మెషీన్ల చప్పుడు చెవుల్లో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. రెండేళ్ళుగా ఆ రోజు పాపని బడి దగ్గర దించి, ఫ్లాస్కులో టీ పోసుకుని విప్స్‌నేడ్ జూకి వెళ్తున్నాను. ఇంగ్లండ్‌లో మేముండే లూటన్ నుంచి కారులో అరగంట కూడా పట్టదు. ఏడాది పాస్ ఉంది కాబట్టి టికెట్ ఖర్చు లేదు. ఏనుగుల వైపు, పులుల వైపు వెళ్ళే జనాన్ని పోనిచ్చి, చెట్ల పక్కన ఏటవాలుగా ఉండే పచ్చిక దగ్గర ఒక బెంచీ మీద కూర్చుంటాను. నేను చూడ్డానికి వెళ్ళేది మారాలని.

మారా అంటే మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మొదటిసారి చూసినప్పుడు నాకూ తెలియలేదు. కుందేలనుకున్నాను, కానీ కుందేలుకి అంత పొడుగు కాళ్ళుండవు. చిన్న జింకనుకున్నాను, కానీ ముఖం జింకది కాదు. నిజానికి అది ఎలుకల జాతి జంతువు. గినీ పిగ్‌కి, కేపిబారాకి దగ్గరి చుట్టం. ఎనిమిది కిలోల నుంచి పదహారు కిలోల దాకా తూగుతుంది. ముందుకాళ్ళకి నాలుగేసి వేళ్ళు, వెనక కాళ్ళకి మూడేసి. వెనక వైపు తోక కింద తెల్లటి పట్టీ ఉంటుంది. పరుగెత్తేటప్పుడు ఆ తెలుపు దూరం నుంచి కూడా కనిపిస్తుంది. దాని సొంత ఊరు అర్జెంటీనా. ఆ దేశం దాటి బయట ఎక్కడా అడవిలో ఉండదు.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో మా అమ్మ కదిరి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంది. మొదటిరోజు మారాని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏమ్మే, చెవులపిల్లికి జింకకాళ్ళు అతికించినట్టుంది గదా!" అంది. నేను ఎప్పుడూ చూసే జంటకి పేర్లు పెట్టిందీ అమ్మే. ఎడమ చెవి కొస చీలి ఉన్న ఆడదానికి చిట్టెమ్మ. ఎప్పుడూ దాని వెనకే ఉండే మగదానికి చిన్నప్ప.

విప్స్‌నేడ్‌లో మారాలకి బోనులేదు. బెడ్‌ఫర్డ్‌షైర్‌లో డన్‌స్టబుల్ కొండల మీద ఆరువందల ఎకరాల్లో 1931లో తెరిచిన జూ అది. లండన్ జూని నడిపే సంస్థే దీన్నీ నడుపుతుంది. చిన్న కంగారూల్లాంటి వాలబీలు, చైనా నీటిజింకలు, మారాలు జూ కంచె లోపల తమ ఇష్టం వచ్చిన చోట తిరుగుతాయి. మనం నడిచే దారికి పదడుగుల దూరంలోనే మేస్తుంటాయి. అందుకే వాటిని పొద్దున నుంచి సాయంత్రం దాకా వాటి తీరులో చూడగలిగాను. అందుకే జనం వాటిని పట్టించుకోరు కూడా. బోను లేదు, బోర్డు ముందు గుంపు లేదు. నడుస్తూ నడుస్తూ "కుందేళ్ళు" అనేసి వెళ్ళిపోతారు.

మొదట్లో ఆ జంటని చూస్తే నాకు కోపం వచ్చేది. చిట్టెమ్మ నాలుగడుగులు వేస్తే చిన్నప్ప నాలుగడుగులు వేస్తాడు. అది ఆగితే ఆగుతాడు. అది పడుకుంటే రెండు మూడు గజాల దూరంలో కూర్చుంటాడు. ఇంకో మగది అటువైపు వస్తే చాలు, మధ్యలోకి దూరి తరిమేస్తాడు. దాన్ని ఒక్క నిమిషం ఒంటరిగా వదలడు. పాపం, ఈ ఆడదానికి ఊపిరాడనివ్వట్లేదే అనుకున్నాను. వార్డులో అట్లాంటి భర్తలని చూశాను. మంచం పక్క నుంచి కదలరు. భార్యని అడిగిన ప్రశ్నకి వాళ్ళే జవాబు చెప్తారు. ఆ చిరాకు ఈ జంతువు మీద చూపించాను.

నా అభిప్రాయం మారింది చార్టు వల్ల. నర్సులకి ఒక అలవాటు ఉంటుంది. పేషెంటు ఎట్లా ఉన్నాడని ఎవరైనా అడిగితే "బాగానే ఉన్నాడు" అని ఊరికే చెప్పలేం, గంట గంటకీ రాసినది చూసి చెప్తాం. ఒకరోజు నా డైరీలో అట్లాగే గళ్ళు గీశాను. ఒక వరస చిట్టెమ్మకి, ఒకటి చిన్నప్పకి. ఫోన్‌లో ఐదు నిమిషాలకోసారి అలారం. అలారం మోగిన క్షణాన ఏది ఏం చేస్తుంటే అది రాయడం. మేత, నడక, పడక, ఒళ్ళు గోక్కోవడం, తలెత్తి చూడడం.

మధ్యాహ్నానికి గళ్ళు నిండాయి. చిట్టెమ్మ వరసలో ఎక్కడ చూసినా "మేత" అనే ఉంది. చిన్నప్ప వరసలో ఎక్కడ చూసినా "చూస్తున్నాడు". ఆమె తల గడ్డిలో ఉన్నంతసేపూ అతని తల పైనుంది. అతను మేయడం లేదని కాదు, మేస్తాడు. కానీ నాలుగు పోచలు కొరికి తలెత్తుతాడు, నములుతూనే చుట్టూ చూస్తాడు. ఆమె మాత్రం తల దించితే చాలాసేపు ఎత్తదు. అంత నిశ్చింతగా మేయడం ఆ పచ్చిక మీద వాలబీలకి కూడా కుదరదు.

అమ్మకి డైరీ చూపించి విషయం చెప్పాను. అమ్మకి ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. "మీ తాత శెనక్కాయ చేనుకాడ మంచె మింద కూచోనుండె గదా. అడవిపందులు వస్తాయని రాత్రంతా కండ్లు మూసేవాడు కాదు. ఆ మనిషి ఏం పని చేసినాడు అంటే ఏం చెప్తావు? కూచున్నాడు అంటావా?" అంది.

నిజమే. మా తాత కాపలాకి పోయేది నాకు లీలగా గుర్తుంది. పొద్దున ఎర్రటి కళ్ళతో వచ్చి గోడకి ఆనుకుని కాఫీ తాగేవాడు.

చిన్నప్ప కాసే కాపలా ఎవరి నుంచో తెలుసుకోవాలంటే వాటి సొంత నేల గురించి చెప్పాలి. అర్జెంటీనా దక్షిణాన ఉండే పటగోనియా అంటే వాన తక్కువ, గాలి ఎక్కువ. ముళ్ళపొదలు, గట్టి గడ్డి, దాక్కోడానికి చెట్టు లేని మైదానాలు. ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు మా అనంతపురం మెట్టనేలలే గుర్తొచ్చాయి. అక్కడ చిరుతల్లాంటి ప్యూమాలుంటాయి, నక్కలుంటాయి, పైనుంచి దిగే పెద్ద గద్దలుంటాయి. అట్లాంటి చోట తల దించి మేసే జంతువుకి మేతలోనే ప్రాణభయం. మరోవైపు కడుపులో పిల్లల్ని మోసేదీ, తర్వాత పాలిచ్చేదీ ఆడదే. సుమారు వంద రోజుల కడుపు. దానికి కావలసిన తిండి ఎక్కువ, కాబట్టి మేయడానికి కావలసిన సమయమూ ఎక్కువ. ఆ సమయం మగది ఇస్తుంది. అది కాపలా ఉన్నంతసేపే ఆడదానికి నిశ్చింత.

ఇందులో మగదాని స్వార్థం లేదని నేననను. ఆడ మారా ఎదకి వచ్చేది ఏడాదిలో ఏ కొద్దిసార్లో, అదీ చాలా కొద్దిసేపు. ఆ సమయానికి పక్కన లేకపోతే మగదానికి పిల్లలుండరు. అందుకే ఏడాది పొడవునా వదలకుండా వెంట ఉంటుంది. జంట కట్టాక రెండింటిలో ఒకటి చనిపోయేదాకా సాధారణంగా ఆ జంట అట్లాగే ఉంటుంది. పాలిచ్చే జంతువుల్లో ఇట్లాంటి కాపురం చాలా అరుదు. స్వార్థమైనా, కాపలా అయినా, ఒకే పని రెండింటికీ సరిపోవడం నాకు బాగా అనిపిస్తుంది.

ఇక్కడ ప్యూమాలు లేవు కదా, మరి చిన్నప్ప ఎందుకు కాపలా కాస్తాడు అని మా పాప అడిగింది. మంచి ప్రశ్న. కానీ ఈ కొండల మీద ఎర్ర గద్దలున్నాయి. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పూర్తిగా మాయమైపోతే, 1989 నుంచి స్పెయిన్ నుంచి గద్ద పిల్లల్ని తెచ్చి, ఈ డన్‌స్టబుల్ కొండలు కూడా చేరిన చిల్టర్న్ కొండల్లో వదిలారు. ఇప్పుడు తల ఎత్తితే చాలు, ఒకటైనా కనిపిస్తుంది. గద్ద నీడ పచ్చిక మీద జారితే చిన్నప్ప ముందుకాళ్ళు నిటారుగా పెట్టి, కుక్క కూర్చున్నట్టు కూర్చుని, అది కనుమరుగయ్యేదాకా చూస్తాడు. పెద్ద మారాని గద్ద ఏమీ చేయలేదు. పిల్లల సంగతి వేరు. కొండ కింద గ్లైడర్ల క్లబ్బు ఉంది, అక్కడ్నించి ఇంజను లేని విమానాలు చప్పుడు లేకుండా తేలుతూ వస్తాయి. వాటినీ అట్లాగే చూస్తాడు. ఒక్క గ్లైడర్‌ని కూడా లెక్కచేయకుండా వదిలెయ్యడం నేను చూడలేదు.

వాటి రోజు ఎట్లా సాగుతుందో చెప్తాను. మారాలు పగటి జంతువులు. ఎండ వచ్చిన రోజు పొద్దున ముందుగా ఎండ కాచుకుంటాయి, పక్కకి ఒరిగి కాళ్ళు బార్లా చాపి. ఎండ అంటే వాటికి ప్రాణం. చలిగా ఉంటే పిల్లిలాగా ముందుకాళ్ళు రొమ్ము కిందికి ముడుచుకుంటాయి. తర్వాత మేత. చిట్టెమ్మ ముందు, చిన్నప్ప వెనక. ఎటు పోవాలో నిర్ణయించేది ఎప్పుడూ చిట్టెమ్మే. నేను చూసినన్నాళ్ళలో చిన్నప్ప ముందు నడిచి చిట్టెమ్మ వెనక పోయిన రోజు డైరీలో లేదు. నడుస్తున్నంతసేపూ దగ్గరికి వెళ్తే వినిపించేంత సన్నగా ఒక గురగుర చప్పుడు ఉంటుంది. నేనిక్కడున్నా, నేనిక్కడున్నా అన్నట్టు. చార్లెస్ డార్విన్ 1830లలో పటగోనియాలో తిరిగినప్పుడు, రెండు మూడు మారాలు ఒకదాని వెనక ఒకటి గీత గీసినట్టు మైదానం మీద గెంతుతూ పోవడం చూశాడు. ఇక్కడ కార్ పార్కు పక్కన కూడా అదే వరస.

మధ్యాహ్నం ఎక్కువగా పడకే. సాయంత్రం మళ్ళీ మేత. మధ్యమధ్యలో, ఏ కారణమూ లేకుండా, నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల వదిలేలా ఎగిరెగిరి గెంతుతాయి. అట్లా గెంతినప్పుడు అమ్మ చేత్తో నోరు మూసుకుని నవ్వేది.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను, ఎందుకంటే అది కూడా వాటి రోజులో భాగమే. మగ మారా వెనక కాళ్ళ మీద లేచి ఆడదాని వెనక భాగం మీద మూత్రం చిమ్ముతుంది. ఆమె తిరిగిన నేల మీద కూడా తన వాసన పూస్తుంది. ఇది నా జంట అని మిగతా మగవాటికి తెలియడానికి. అన్నిసార్లూ ఆడది ఊరుకోదు. ఒకరోజు చిట్టెమ్మ మేస్తూనే వెనక్కి చిమ్మింది, సూటిగా చిన్నప్ప ముఖానికి. అతను రెండడుగులు వెనక్కి తగ్గి, ముఖం ముందుకాళ్ళతో తుడుచుకుని, మళ్ళీ కూర్చుని చుట్టూ చూడడం మొదలెట్టాడు. ఊపిరాడనివ్వట్లేదని నేను జాలిపడిన ఆడది ఇదే. తనకి ఏది ఇష్టం లేదో చెప్పడం దానికి తెలుసు.

నన్ను ఈ జంటకి పూర్తిగా కట్టేసింది మాత్రం బొరియ.

ఒక పొద కింద, మట్టి తోడిన చోట, పెద్ద ఎలుక కన్నంలాంటి బొరియ ఒకటుంది. బొరియ తవ్వేది ఆడ మారానే. కానీ పెద్దవి ఆ లోపలికి పోవు. అది పిల్లలది. పుట్టేటప్పటికే పిల్లలకి కళ్ళు తెరిచి ఉంటాయి, ఒంటి నిండా బొచ్చుంటుంది, పుట్టిన మర్నాటికే గడ్డి కొరకగలవు. తల్లి బొరియ ముఖం దగ్గరే ఈనుతుంది, పిల్లలు తమంతట తామే లోపలికి దూరతాయి. ఒక్క తల్లి పిల్లలే కాదు, చాలా జంటలు తమ పిల్లల్ని ఒకే బొరియలో వదులుతాయి. అర్జెంటీనాలో ఒకే బొరియ దగ్గర పదిహేను జంటల పిల్లలు కూడా ఉంటాయట. మిగతా రోజుల్లో ఒక జంట ఇంకో జంటని దగ్గరికి రానివ్వదు. పిల్లల విషయానికొచ్చేసరికి అన్నీ ఒకచోటే పెడతాయి. తలా కాసేపు వచ్చి పోతుంటే బొరియ దగ్గర ఎవరో ఒక పెద్ద ఉన్న సమయం ఎక్కువవుతుంది కదా.

చిట్టెమ్మ రోజుకి ఒకసారో రెండుసార్లో వచ్చేది. చిన్నప్ప ముందు దూరంగా ఆగి చుట్టూ చూస్తాడు. ఆమె బొరియ ముందు నిలబడి సన్నగా ఈల వేసినట్టు పిలుస్తుంది. లోపలున్న పిల్లలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి, తనవీ, వేరేవాళ్ళవీ. ఒక్కొక్కదాన్నీ వాసన చూస్తుంది. తన పిల్లలు రెండు. వాటిని పక్కకి తీసుకుని, వెనక కాళ్ళ మీద నిటారుగా కూర్చుంటే అవి పాలు తాగుతాయి. మిగతావాటిని ముక్కుతో తోసేస్తుంది, మొండికేస్తే కొరుకుతుంది. దాదాపు గంటసేపు ఇదంతా. ఆ గంటా చిన్నప్ప గడ్డి ముట్టడు. నా గళ్ళలో ఆ గంట మొత్తం ఒకే మాట.

పోయిన జూన్‌లో ఒకరోజు, పాలిస్తున్న సమయానికి ముగ్గురు పిల్లలు అరుచుకుంటూ వాటి మీదికి పరుగెత్తారు. వాళ్ళ పెద్దవాళ్ళు వెనక నిలబడి వీడియో తీస్తున్నారు. చిన్నప్ప ఒక వైపు, చిట్టెమ్మ ఇంకో వైపు దౌడు తీశారు. మారా పిల్లలు బొరియలోకి దూకాయి. పెద్దవి రెండూ కలుసుకోడానికి నలభై నిమిషాలు పట్టింది. చిట్టెమ్మ ఆగి ఆగి పిలిచింది. మళ్ళీ బొరియ దగ్గరికి ఆ మధ్యాహ్నం రాలేదు. సాయంత్రం నేను పాప కోసం బడికి వెళ్ళాలి కాబట్టి, తర్వాత వచ్చిందో లేదో చూడలేకపోయాను. తర్వాతి డ్యూటీలో కూడా అదే టెన్షన్.

మీరెవరైనా పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్తే దయచేసి వాటిని తరమనివ్వకండి. అది ఆటలాగా కనిపిస్తుంది. అవి పారిపోయేటప్పుడు ఎంత అందంగా గెంతుతాయో నాకూ తెలుసు. కానీ రోజులో ఆ పిల్లలకి పాలు దొరికేది ఆ ఒక్క గంటే కావచ్చు. కూర్చోండి. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే అవే దగ్గరికి వస్తాయి. మా పాప ఆరేళ్ళది, అది కూర్చోగలిగింది.

ఆ వేసవిలోనే ఒక చిన్న పిల్లని గమనించాం. ఏ తల్లి పిలిచినా బయటికొచ్చేది. ప్రతి తల్లీ వాసన చూసి తోసేసేది. దాని తల్లి ఏమైందో మరి. మూడు వారాలు నేను వెళ్ళిన ప్రతిసారీ అదే. గడ్డి కొరుకుతోంది కాబట్టి బతికి ఉంది, కానీ మిగతావాటికన్నా బాగా చిన్నది. అమ్మ దాన్ని చూడలేక అటు తిరిగి కూర్చునేది. "పోదాం పద మే, నా వల్ల కాదు" అనేది.

నాలుగోసారి వెళ్ళినప్పుడు, చిట్టెమ్మ తన పిల్లలకి పాలిస్తుంటే ఆ చిన్నది చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి, ఆ రెండింటి మధ్యలో తల దూర్చింది. చిట్టెమ్మ వంగి వాసన చూసింది. నేను, అమ్మ ఇద్దరం ఊపిరి బిగబట్టాం. తోస్తుందనుకున్నాం. తోయలేదు. జాలిపడిందని నేననను, ముగ్గురి వాసనా కలిసిపోయి పోల్చుకోలేకపోయిందేమో. ఆ చిన్నది తాగింది. ఎంతసేపో ఫోన్‌లో చూశాను. ఏడు నిమిషాలు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫ్లాస్కు మూత తీసి నాకు టీ పోసింది.

దాని తర్వాత అది అట్లాగే దొంగతనంగా తాగడం నేర్చుకుంది. ఒక్కోసారి దొరికిపోయేది, కొరుకుడు తినేది, మళ్ళీ వచ్చేది.

ఈ జంతువులకి వాటి సొంత దేశంలో రోజులు బాగా లేవు. గొర్రెల మేతకి, పొలాలకి నేల పోయింది. వేట ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో యూరప్ నుంచి అర్జెంటీనాకి తీసుకెళ్ళి వదిలిన కుందేళ్ళు ఇప్పుడు వాటి గడ్డికి పోటీ వస్తున్నాయి. ఆ కుందేళ్ళే ఈ డన్‌స్టబుల్ పొలాల్లో కూడా పరుగెత్తుతుంటాయి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో మారా ప్రమాదానికి దగ్గరగా ఉన్న జాతుల్లో ఉంది. ఇంకా ఆలస్యం కాలేదని దాని అర్థం. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అమ్మ అక్టోబరులో కదిరికి వెళ్ళిపోయింది. నేను బెంచీ మీద కూర్చుని వీడియో కాల్ చేస్తే, అక్కడ మధ్యాహ్నం భోజనం అయి ఉంటుంది, అరుగు మీద కూర్చుని చూస్తుంది. ముందు అడిగేది ఆ చిన్నదాని గురించే. దాని సంగతి నేను చెప్పలేకపోతున్నాను. మూడు నెలలకి పాలు మాని అన్నీ పచ్చిక మీదికి వచ్చేశాయి. ఇప్పుడు అన్నీ ఒకే ఎత్తు. ఏది ఆ పిల్లో గుర్తుపట్టలేను.

పోయిన మంగళవారం కూడా కాల్ చేశాను. కొండ మీద మంచు దట్టంగా ఉంది. చిట్టెమ్మ చీలిన చెవి కనిపించగానే ఫోన్ అటు తిప్పాను.

"చిన్నప్ప యాడ?" అంది అమ్మ.

"ఉంటాడు లేమ్మా, మంచులో కనపడట్లేదు."

"కొంచెం వెనక్కి తిప్పు మే. వెనక్కి. ఇంకొంచెం. అదిగో, ఆ చెట్టు మొదట్లో కూచోనుండాడు చూడు."